అమ్మ షుగర్ మాత్రలు ఆపేసింది. వీడియోలో మాట నమ్మాలా, డాక్టర్ చీటీ నమ్మాలా?

తెనాలిపిల్ల (బెంగళూరు), సోమవారం ఉదయం 7:10

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 61 ఏళ్లు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది. తొమ్మిదేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకునేది. మొన్న పండక్కి ఇంటికి వెళ్తే మాత్రల డబ్బా కనిపించలేదు. అడిగితే, ఆపేసి అయిదు వారాలైందని చెప్పింది. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన వీడియోలో "షుగర్ మాత్రలు కిడ్నీలు తినేస్తాయి, ఈ పద్ధతిలో నెలలో షుగర్ పోతుంది" అని విందట. అప్పటి నుంచి పొద్దున పెద్ద గ్లాసు రాగి జావ, ఆ తర్వాత కాకరకాయ రసం, రాత్రి మెంతి పొడి. ఆ వీడియో కిందే అమ్మిన ఇంకో పొడి కూడా తెప్పించుకుంది. డబ్బా మీద అందులో ఏముందో రాయలేదు.

గ్లూకోమీటర్‌తో చూస్తే పరగడుపున 268. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అరిచాను కూడా. అలా అరవకుండా ఉండాల్సింది.

అమ్మ రెండు మాటలంది. ఒకటి: "మీ పెదనాన్న ఇరవై ఏళ్లు మాత్రలు మింగి మింగే డయాలసిస్‌కి వెళ్లాడు. నేను కళ్లారా చూశాను." రెండోది: "డాక్టరు నా మొహం చూడకుండానే చీటీ రాసేస్తాడు. ఈ వీడియో ఆయన గంటసేపు కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పాడు." ఈ రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. ఎలా నచ్చజెప్పను? నేను ఎవరి మాట పట్టుకుని మాట్లాడను?

వానచినుకు (వరంగల్), సోమవారం ఉదయం 7:32

ముందు ఒక్క విషయం అక్కా. నచ్చజెప్పడం తర్వాత. అమ్మకి విపరీతమైన దాహం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగతగా ఉండటం లాంటివి ఏమైనా ఉంటే ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అవేమీ లేకపోయినా ఈ వారంలోనే చూపించండి. పాత మాత్రలు మీకు మీరే మళ్లీ మొదలుపెట్టకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. ఇప్పుడు డోసు మార్చాల్సి రావచ్చు.

మందులమేష్టారు (రాజమండ్రి), సోమవారం ఉదయం 9:05

అమ్మా, 34 ఏళ్లు మందుల షాపులో నిలబడ్డ మనిషిని. ఈ కిడ్నీ మాట నేను వేలసార్లు విన్నాను. దీన్ని కొట్టిపారేస్తే మీ అమ్మగారు వినరు. ఎందుకంటే ఆవిడ చూసింది నిజమే. చూసినదానికి కారణం మాత్రం వేరు.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి జల్లెళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే, దానికి బీపీ తోడైతే, ఆ జల్లెళ్లు దెబ్బతింటాయి. మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా పోతుంటుంది, అంతే. మనిషికి తెలిసేసరికి పదేళ్లు గడిచిపోతాయి. ఆ పదేళ్లూ అతను మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు కాబట్టి, చూసేవాళ్లకి మాత్రలే కనిపిస్తాయి. లోపల షుగర్ చేసిన పని కనిపించదు.

ఇంకో సంగతి ఉంది. దీనివల్లే ఈ అపోహ ఇంత గట్టిగా నాటుకుందని నా నమ్మకం. కిడ్నీ వడపోత ఎంత బాగుందో చెప్పే లెక్క ఒకటి ఉంది, ఈజీఎఫ్ఆర్ అంటారు. అది 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ డోసు తగ్గిస్తారు. 30 కంటే తగ్గితే ఆపేస్తారు. కిడ్నీ బలహీనపడ్డాక ఆ మందు ఒంట్లోంచి సరిగా బయటికి పోదు కాబట్టి ఆపుతారు. ఇంట్లోవాళ్లకి వినపడేది మాత్రం "కిడ్నీ పాడైంది, ఆ మాత్ర ఆపేయమన్నారు" అనే ముక్క. ఇక ఊరంతా అదే మాట.

షుగర్‌ను అదుపులో పెడితే కళ్లు, కిడ్నీలు, నరాల జబ్బులు తగ్గుతాయని బ్రిటన్‌లో వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 1998లోనే తేల్చారు. ఆ పరిశోధనలో షుగర్ తగ్గించింది మందులతోనే.

మీ పెదనాన్నగారు మోకాళ్ల నొప్పులకి ఏమైనా మాత్రలు వాడేవారా? ఇంట్లో కనుక్కోండి. చీటీ లేకుండా రోజూ నొప్పి మాత్రలు కొనుక్కెళ్లే పెద్దవాళ్లని చాలామందిని చూశాను. కిడ్నీకి అసలు ప్రమాదం అక్కడ ఉంటుంది.

ఉద్దానంవాసి (కవిటి), సోమవారం ఉదయం 11:48

మేష్టారు నొప్పి మాత్రల గురించి చెప్పింది అక్షరాలా నిజం. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ప్రతి వీధిలో కిడ్నీ రోగి ఉంటాడు. షుగర్ లేనివాళ్లకి, బీపీ లేనివాళ్లకి, కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసే కూలీలకి కూడా వస్తోంది. ఎన్నో బృందాలు వచ్చి పరీక్షలు చేశాయి, ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు. కారణం తేలని చోటే పొడులు అమ్మేవాళ్లు ఎక్కువగా వస్తారు. మా అన్నయ్య రెండేళ్లు ఒక కషాయం తాగాడు. ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష, చేయించుకోలేదు. "పరీక్ష చేయిస్తే మందు పనిచేయదు" అని చెప్పాడట అమ్మినవాడు. ఆ మాట ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకొకటి. వీడియోల్లో "ఉప్పు మానేసి తక్కువ సోడియం ఉప్పు వాడండి", "రోజూ కొబ్బరి నీళ్లు తాగండి" అంటారు. కిడ్నీ బాగున్నవాళ్లకి అది మంచి సలహానే కావచ్చు. తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. కిడ్నీ పాడైనవాళ్లకి పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరి తోటల మధ్య పుట్టిపెరిగిన మాకు కొబ్బరి బొండం తాగొద్దని డాక్టర్ చెప్పినప్పుడు మింగుడుపడలేదు. ఎవరికి చెబుతున్నారో చూడకుండా ఇచ్చే సలహా ఎంత మంచిదైనా ప్రమాదమే.

ప్రకృతిబాట (అనంతపురం), సోమవారం మధ్యాహ్నం 2:20

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను. మా నాన్నకి మూడేళ్ల క్రితం షుగర్ 210. తెల్లన్నం మానేసి కొర్రలు, అండుకొర్రలు మొదలుపెట్టాం. సాయంత్రం నడక. 11 కిలోలు తగ్గారు. ఇప్పుడు మాత్రలు లేకుండా 105. ఇది అబద్ధమా? మా తాతల కాలంలో ఈ సీమలో జొన్న రొట్టె, కొర్రన్నం, రాగి సంగటి తప్ప వేరే తిండి లేదు. వరి బువ్వ పండగనాటి మాట. డాక్టర్లకి తిండి గురించి చెప్పే ఓపిక లేదు. మూడు నిమిషాల్లో చీటీ, అయిదు రకాల మాత్రలు. జనం వీడియోల వైపు వెళ్లారంటే తప్పు జనానిది కాదు.

తెనాలిపిల్ల, సోమవారం మధ్యాహ్నం 3:02

అన్నా, మీ నాన్నగారికి తగ్గడం నిజంగా సంతోషం. మా అమ్మ కూడా ఇదే అంటుంది, "ఫలానావాళ్లకి తగ్గింది కదా" అని. మరి అమ్మకి 268 ఎందుకైంది? ఆవిడా రాగులే తాగుతోంది.

పళ్లెంలెక్క (కూకట్‌పల్లి), సోమవారం రాత్రి 9:15

నేను డైటీషియన్‌ని, ఆస్పత్రిలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలనే పని ముగించుకుని కూర్చున్నాను.

ప్రకృతిబాట గారి నాన్నగారికి జరిగింది అబద్ధం కాదు. బరువు బాగా తగ్గితే టైప్ 2 షుగర్ వెనక్కి తగ్గవచ్చు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. డాక్టర్లు, డైటీషియన్ల పర్యవేక్షణలో తిండి బాగా తగ్గించి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలో 86 శాతం. అయితే వాళ్లంతా షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు. మొదటి నుంచి చివరిదాకా రక్త పరీక్షలు చేస్తూనే ఉన్నారు. ఇక్కడ పనిచేసింది బరువు తగ్గడం. కొర్రల్లో పీచు ఎక్కువ, కడుపు నిండుతుంది, తక్కువ తింటాం. నాన్నగారికి అలా సాయపడి ఉంటాయి. కొర్రల్లో మందేమీ లేదండీ.

ఇక తెనాలి అమ్మగారి సంగతి. తొమ్మిదేళ్ల షుగర్, హఠాత్తుగా మాత్రలు ఆపారు. పైగా జావ. రాగుల్లో కాల్షియం నిజంగానే చాలా ఎక్కువ, 100 గ్రాములకి 360 మిల్లీగ్రాముల పైమాటే. పిల్లలకి, ఎముకలకి చాలా మంచిది. కానీ రాగి పిండి కూడా పిండి పదార్థమే. మెత్తగా పట్టించి, నీళ్లలో ఉడికించి, గ్లాసెడు గటగటా తాగితే త్వరగా అరిగి షుగర్‌ని పైకి లేపుతుంది. నమ్మకపోతే తాగిన రెండు గంటలకి మీటర్‌తో చూడమనండి. అమ్మతో వాదించొద్దు, ఆ అంకె ఆవిడనే చూడనివ్వండి.

కాకర, మెంతుల మీద చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి, షుగర్ కొద్దిగా తగ్గిన దాఖలాలు ఉన్నాయి. కూరగా, తాలింపులో హాయిగా తినమనండి. మాత్రలకి బదులుగా మాత్రం సరిపోవు. గ్లిమెపిరైడ్ వేసుకుంటూ వీటి రసాలు, పొడులు ఎక్కువగా తీసుకుంటే షుగర్ మరీ పడిపోనూవచ్చు. ఏం తీసుకుంటున్నారో డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి.

ఎవరి మాట పట్టుకోవాలని అడిగారు. తిండి విషయంలో నేను మొదట చూసేది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలైంది, 1958లో హైదరాబాద్ వచ్చింది. మన బియ్యం, మన పప్పులు, మన ఆకుకూరల్లో ఏముందో కొలిచి పట్టికలు వేసింది వాళ్లే. 2024 మేలో భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు, ఉచితంగా చదువుకోవచ్చు. రోజుకి 2000 కేలరీల తిండిలో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలని, ఉప్పు 5 గ్రాములు మించకూడదని చెప్పారు. మన ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. అన్నం కుప్పగా, కూర చారెడు, మీద ఆవకాయ. అన్నాన్ని కొర్రన్నంగా మార్చి కుప్ప అలాగే ఉంచితే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

హడ్సన్‌ఒడ్డున (న్యూజెర్సీ), మంగళవారం ఉదయం 6:30

మా ఇంట్లోనూ ఇదే గొడవ, కాకపోతే మా అత్తయ్య విషయంలో. నేను ఏం చేశానో చెబుతాను.

ఆవిడతో కలిసి కూర్చుని వీడియో మొత్తం చూశాను. గంటన్నర. మధ్యలో ఒక్క మాట అనలేదు. అయ్యాక మూడే అడిగాను: ఈయన ఏం చదువుకున్నాడో ఎక్కడైనా చెప్పాడా? చివర్లో ఏం అమ్మాడు? ఈ పద్ధతి ఎవరికి పనికిరాదో ఒక్కసారైనా చెప్పాడా? మూడోదానికి ఆవిడే ఆలోచనలో పడింది. ఆవిడ పాత డాక్టరమ్మ ఏ మందు రాసినా "గ్యాస్ ఉందా, గుండె జబ్బు ఉందా" అని అడిగేదట. ఈయన లక్షల మందికి ఒకటే మందు చెప్పాడు.

మన దేశంలో చట్టం కూడా ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం షుగర్ నయం చేస్తామని మందుకి ప్రకటన ఇవ్వడమే నేరం. ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల శాఖ నిబంధనలు పెట్టింది. డాక్టర్‌నని, నిపుణుడినని చెప్పుకునేవాళ్లు తమ అర్హత చెప్పాలి, మిగతావాళ్లు తమ మాట డాక్టర్ సలహాకి బదులు కాదని చెప్పాలి. ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది.

ఈ మధ్య పేరున్న డాక్టర్ల ముఖం, గొంతు ఏఐతో తయారుచేసి షుగర్ మందులు అమ్ముతున్నారు. ముఖం తెలిసినదే కదా అని కూడా నమ్మడానికి లేదు. ఆ డాక్టర్ పనిచేసే ఆస్పత్రికి ఫోన్ చేసి అడగడమే మార్గం.

బుజ్జితల్లి (హనుమకొండ), మంగళవారం ఉదయం 10:40

వాట్సాప్ మాత్రమే కాదండీ. డబ్బా మీద అచ్చువేసిన మాట కూడా నమ్మి మోసపోయాను. మా పాపకి రెండేళ్లప్పుడు విరేచనాలు పట్టుకుంటే మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగాను. రంగురంగుల డబ్బా ఇచ్చారు. మీద ఆ అక్షరాలు పెద్దగా ఉన్నాయి, పాప ఇష్టంగా తాగింది. విరేచనాలు ఇంకా పెరిగాయి. అది తియ్యటి పానీయమని తర్వాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉండాలి. చక్కెర అంతకంటే బాగా ఎక్కువైతే పేగుల్లోకి ఇంకా నీరు లాగి విరేచనాలు పెంచుతుంది.

హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ, ఆ సూత్రం ప్రకారం లేని పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివి నేను ఏడ్చాను. ఇప్పుడు పొడి ప్యాకెట్ వెనక గ్లూకోజ్, ఉప్పు ఎంతో చదివాకే కొంటున్నాను. డబ్బా ముందు వైపు అమ్మేవాడి మాట ఉంటుంది, వెనక వైపు సన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది.

పల్లెనర్సు (నారాయణపేట జిల్లా), మంగళవారం రాత్రి 8:25

నేను ఏఎన్‌ఎంని. ఇక్కడ అందరూ చదువుకున్నోళ్లు, పుస్తకాలు, చట్టాలు చెబుతున్నారు. నేను ఊళ్లో చూసింది చెబుతా.

రెండు మూడేళ్ల కిందట రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారని పెద్ద అల్లరి అయ్యింది. నీళ్లలో పోస్తే కొన్ని గింజలు తేలుతున్నాయి, రంగు కూడా వేరే. ఆడోళ్లు ఏరి పారబోసేవాళ్లు. అవి బలవర్ధక బియ్యం గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజలాగే తయారుచేసి, క్వింటాలుకి కిలో చొప్పున కలిపేవాళ్లు. రక్తం తక్కువున్న గర్భిణులే వాటిని ఏరి పడేస్తుంటే నాకు ప్రాణం పోయినట్టు ఉండేది. కాగితాలు చూపించి చెప్పా, ఎవరూ వినలే. ఒకరోజు అంగన్‌వాడీలో ఆ గింజలే విడిగా ఏరి, అందరి ముందు వండి, నేను తిన్నా. మా బిడ్డకి కూడా తినిపించా. అప్పుడు నమ్మారు.

ముర్రుపాలు పిండి పారబోయొద్దని, పుట్టిన బిడ్డ నోట్లో తేనె పెట్టొద్దని చెప్పేటప్పుడు కూడా అంతే. అత్తమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చెబితేనే ఆ ఇంట్లో ఆ మాట నిలబడుతుంది. కోడలికి ఒక్కదానికే చెబితే నిలబడదు.

తెనాలి అక్కా, మీ అమ్మ రెండో మాటే అసలు మాట. ఆమెతో ఎవరూ కూర్చుని మాట్లాడలే. డాక్టర్ దగ్గరికి పోయే ముందు ఆమె అనుమానాలన్నీ ఆమె చేతే కాగితం మీద రాయించండి. చీటీ ఇచ్చేలోపు ఆ కాగితం ముందు పెట్టమనండి. రాసింది చూస్తే ఏ డాక్టరైనా ఆగి జవాబు చెబుతాడు. టైం లేకపోతే మీ పీహెచ్‌సీకి పోండి, షుగర్, బీపీ పరీక్ష ఉచితం, మాత్రలు కూడా ఇస్తారు.

ప్రకృతిబాట, బుధవారం ఉదయం 8:10

నర్సమ్మా, మీ మాట బాగుంది. నేనూ ఒకటి ఒప్పుకుంటాను. మా నాన్నకి ప్రతి మూడు నెలలకీ పరీక్ష చేయించాం, మాత్రలు తగ్గించింది కూడా డాక్టరే. అది మొదట రాయలేదు, రాయాల్సింది. ఆయుర్వేదం మీద నా నమ్మకం మాత్రం పోలేదు. మేష్టారూ, పేరు లేని పొడుల గురించి మీరేమంటారు?

మందులమేష్టారు, బుధవారం ఉదయం 9:40

బాబూ, ఆయుర్వేదం మీద నాకూ గౌరవమే. మెట్‌ఫార్మిన్ మూలం కూడా యూరప్‌లో పూర్వం వాడిన ఒక మొక్కే. మొక్క మంచిదా చెడ్డదా అన్నది కాదు, డబ్బాలో ఏముంది, ఎంత ఉంది అన్నదే ప్రశ్న. అమెరికా శాస్త్రవేత్తలు ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు కొని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. అయిదింట ఒక దానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. పేరు లేని పొడుల్లో అల్లోపతి షుగర్ మందో స్టెరాయిడో కలిపిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే కొందరికి వెంటనే "పనిచేస్తుంది". డిగ్రీ ఉన్న ఆయుర్వేద వైద్యుణ్ని కలవండి, ఆయన రాసిన చీటీ ఉంచుకోండి, లైసెన్స్ నంబరు, తయారీదారు చిరునామా ఉన్న మందే కొనండి. మిగతాది చెత్తబుట్టలో వేయండి.

తెనాలిపిల్ల, తర్వాతి వారం గురువారం రాత్రి 10:05

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. సెలవు పెట్టి మళ్లీ తెనాలి వచ్చాను.

మొదటి రోజు ఏమీ మాట్లాడలేదు. జావ తాగిన రెండు గంటలకి చూద్దామా అని మాత్రం అడిగాను. 341 వచ్చింది. అమ్మ మీటర్ పాడైందని మళ్లీ చేయించుకుంది. 336. అప్పుడు గ్లాసు పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది.

మర్నాడు పెద్దమ్మకి ఫోన్ చేశాం. పెదనాన్న మాత్రలు "ఒంట్లో బాగున్నప్పుడు" ఆపేసేవారట, ఏడేళ్లు ఒక్క పరీక్ష చేయించుకోలేదట. మేష్టారు అడిగినట్టే, మోకాళ్లకి రోజూ నొప్పి మాత్ర. పెద్దమ్మ తన నోటితో చెప్పాక ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

అమ్మ ఏడు ప్రశ్నలు రాసుకుంది. మొదటిది "నా కిడ్నీ ఇప్పుడు ఎలా ఉంది?" డాక్టర్ ఆ కాగితం తీసుకుని ఒక్కొక్కటీ చదివి జవాబు చెప్పారు, ఇరవై నిమిషాలు. ఈయన మేం కొత్తగా వెళ్లిన డాక్టర్. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4. క్రియాటినిన్ 0.9, బాగుంది. మూత్రంలో ఆల్బుమిన్ 64, అంటే 30 లోపు ఉండాల్సింది కొంచెం దాటింది. ఇప్పుడే జాగ్రత్త పడితే అదుపు చేయొచ్చన్నారు. కాళ్ల తిమ్మిర్లకి బీ12 కూడా చూశారు, తక్కువే ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చట. మాత్ర వల్ల ఒక ఇబ్బంది నిజంగానే ఉందని డాక్టరే దాచకుండా చెప్పడంతో అమ్మకి ఆయన మీద గురి కుదిరింది. కంటి పరీక్ష సోమవారం.

మాత్రలు మళ్లీ మొదలయ్యాయి, డోసు మార్చి. జావ బదులు రాగి రొట్టె ఒకటి, పక్కన గిన్నెడు కూర. కాకరకాయ వేపుడు వారానికి రెండుసార్లు, అది అమ్మ పెట్టిన షరతు. ఆ పొడి డబ్బా మాత్రం నా బ్యాగులో ఉంది, ఫిర్యాదు చేయాలని. ఖాళీ డబ్బా సరిపోతుందా, బిల్లు కూడా కావాలా?

హడ్సన్‌ఒడ్డున, శుక్రవారం ఉదయం 5:50

పొడి పారేయకండి, డబ్బాతో సహా ఉంచండి. డబ్బు కట్టిన యూపీఐ స్క్రీన్‌షాట్, వీడియో లింకు, పార్సిల్ మీద పంపినవాళ్ల చిరునామా కూడా జాగ్రత్త చేయండి. 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి.

తెనాలిపిల్ల, శుక్రవారం ఉదయం 7:15

సరే అన్నా. పార్సిల్ కవరు ఇంకా అటక మీద ఉందట, అమ్మ తీస్తోంది. బంధువుల గ్రూపులో ఆ వీడియో కింద తన మీటర్ ఫొటో, 341, అమ్మే పెట్టింది. ఇప్పటికి ముగ్గురు ఫోన్ చేశారు, వాళ్లూ మాత్రలు ఆపేశారట. వాళ్లందరినీ ఆ ప్రశ్నల కాగితం ఫొటో తీసుకుని దగ్గర్లోని డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెబుతోంది.